ఉప్పుగాలిలో, ఖనిజ దుమ్ములో తిరిగే పిన్నులకు డ్రై కోటింగ్: ఏది వెయ్యాలి, ఎలా వెయ్యాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ, తేడా ఉంటే దిద్దండి. విశాఖపట్నం గాజువాక ఆటోనగర్‌లో మీకు చిన్న మెషిన్ షాపు ఉంది. రేవులో ఖనిజం, బొగ్గు ఎత్తే యంత్రాలకు హింజ్ పిన్నులు, అంటే కీలు దగ్గర దూర్చే కడ్డీలు, చేసి ఇస్తున్నారు. ఇ.ఎన్. 24 అనే మిశ్రమ ఉక్కు పిన్ను, 60 మిల్లీమీటర్ల వ్యాసం. అది కదిలే గొట్టం, అంటే బుష్, ఫాస్ఫర్ బ్రాంజ్ది, 80 మిల్లీమీటర్ల పొడవు. మీద పడే బరువు సుమారు 5 టన్నులు. గిర్రున తిరిగే పని కాదు, మెల్లగా కొద్ది కోణం అటూ ఇటూ కదలడమే. గ్రీజు పెడితే దుమ్ము పట్టి గట్టి ముద్దవుతోంది, పిన్ను మీద గీతలు పడుతున్నాయి, చివరికి పట్టేస్తోంది. గ్రీజు మానేసి డ్రై కోటింగ్, అంటే జిడ్డు లేకుండా జారే పొడి పొర, వేసి ఇమ్మని పార్టీ, అంటే మీ దగ్గర కొనేవాళ్లు, అడిగింది. మీరు డబ్బాలో దొరికే మాలీ (మాలిబ్డినం డైసల్ఫైడ్) స్ప్రే కొట్టి ఇచ్చారు, వారం తిరక్కుండా ఊడిపోయింది. గ్రాఫైట్ వెయ్యాలా, టెఫ్లాన్ వెయ్యాలా, మాలీనే ఇంకోలా వెయ్యాలా, బోల్టులకూ అదే కొట్టొచ్చా అని అడిగారు.

ముందు క్లుప్తంగా చెప్పేస్తాను. గ్రాఫైట్ వద్దు. ఒట్టి టెఫ్లాన్ చాలదు. మాలిబ్డినం డైసల్ఫైడ్, దానితో కొంచెం టెఫ్లాన్, తుప్పును ఆపే రసాయనం కలిసిన రెజిన్ కోటింగ్ తీసుకోండి. గ్రాఫైట్ కలవనిది, ఓవెన్‌లో వేడిచేసి గట్టిపరిచే రకం అయి ఉండాలి. దాన్ని బ్లాస్టింగ్ (గట్టి పలుకులను, అంటే గ్రిట్‌ని, గాలితో కొట్టి గరుకు చెయ్యడం), ఆపైన మాంగనీస్ ఫాస్ఫేటింగ్ (వేడి రసాయనంలో ముంచి ఉక్కు మీద పలుకుల పొర పెంచడం) చేసిన పిన్ను మీదే వెయ్యండి. బుష్‌కి రెండు చివర్లా దుమ్ము సీలు పెట్టించండి. సీలుకి పార్టీ ఒప్పుకోకపోతే మాత్రం మిగతాదంతా ఎంత బాగా చేసినా ఆ పిన్ను నిలవదు. అలాంటప్పుడు ఆ ఆర్డరు వదులుకోమనే చెబుతాను. కారణాలు కాస్త వివరంగా రాస్తున్నాను, అవి తెలిస్తే రేపు ఇంకో పార్టీ ఇంకో రకం పిన్ను తెచ్చినా మీరే నిర్ణయం తీసుకోగలుగుతారు.

దుమ్ముతో మొదలుపెడదాం. మన రేవుకి కొత్తవలస–కిరండూల్ లైను మీద వచ్చేది బైలదిల్లా హెమటైట్. మోహ్స్ కొలతలో దాని గట్టిదనం 5.5 నుంచి 6.5 దాకా ఉంటుంది. బొగ్గు మెత్తనిదే అయినా దానిలో కలిసి వచ్చే ఇసుక, అంటే క్వార్ట్‌జ్, 7. ఇవి రెండూ బ్రాంజ్‌ని తేలిగ్గా గీస్తాయి, గట్టిపరచని ఉక్కునీ గీస్తాయి. గ్రీజులో ఈ దుమ్ము కలిస్తే తయారయ్యేది లాపింగ్ పేస్టే. ఆ పేస్టుతో మనం కావాలని లోహాన్ని అరగదీస్తాం, ఇక్కడ అది తనంతట తానే జరుగుతోంది. ఆ విషయంలో పార్టీవాళ్ల ఆలోచన సరైనదే. పొడి కోటింగ్‌కి జిగురు ఉండదు, దుమ్మును పట్టి ఉంచదు.

కానీ పట్టి ఉంచకపోవడం వేరు, ఆపడం వేరు. మనం వేసే కోటింగ్ మందం 12 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). కంటికి కనపడే ధూళి రేణువు ఏదైనా కనీసం 40, 50 మైక్రాన్లు ఉంటుంది. అలాంటి రేణువు పిన్నుకీ బుష్‌కీ మధ్య నలిగిందంటే కోటింగ్‌ని చీల్చుకుని కింద లోహం దాకా పోతుంది. ఏ కంపెనీ కోటింగ్ అయినా, ఎంత ఖరీదైనదైనా ఇంతే. అందుకే సీలు గురించి అంత గట్టిగా చెప్పాను. పాలీయురెథేన్ లిప్ సీలు, పెదవి బయటివైపు తిరిగి ఉండేలా బిగించండి. లోపలివైపు తిప్పి బిగిస్తే ధూళిని లోపలికి లాగుతుంది. ఫెల్ట్ సీలు మన ఊళ్లో వద్దు, తేమను పీల్చి ఉప్పునీటిని పిన్ను పక్కనే నిలబెడుతుంది.

ఇప్పుడు మూడు పదార్థాల సంగతి. గ్రాఫైట్‌లోనూ మాలీలోనూ అణువులు పొరలు పొరలుగా ఉంటాయి. పొర లోపల బంధం బలంగా, పొరకీ పొరకీ మధ్య బలహీనంగా ఉంటుంది. కట్టలో తమలపాకులు ఒకదాని మీద ఒకటి జారినట్టు ఆ పొరలు జారతాయి, బరువును మాత్రం మోస్తాయి. పైకి రెండూ నల్లటి పొడులే, తేమ దగ్గర మాత్రం వాటి స్వభావాలు పూర్తిగా ఎదురు.

గ్రాఫైట్ బాగా జారాలంటే గాలిలో తేమ ఉండి తీరాలి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బాగా ఎత్తున ఎగిరే విమానాల జనరేటర్లలో కార్బన్ బ్రష్‌లు చాలా త్వరగా పొడైపోయేవి. ఆ ఎత్తులో గాలి పలచన, నీటి ఆవిరి దాదాపు లేదు. ఆవిరి లేకపోతే గ్రాఫైట్ పొరల అంచులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయని అప్పుడే బయటపడింది. ఆ లెక్కన విశాఖ లాంటి ఊళ్లో గ్రాఫైట్ హాయిగా జారాలి. జారుతుంది కూడా. చిక్కు వేరే చోట ఉంది. గ్రాఫైట్ విద్యుత్తును పారనిస్తుంది, సముద్రపు నీటిలో గాల్వానిక్ వరుసలో (ఏది ముందు తుప్పు పడుతుందో, ఏది పట్టదో చెప్పే వరుస) బంగారం, ప్లాటినం పక్కన కూర్చుంటుంది. ఉక్కు మీద గ్రాఫైట్ పూసి, ఉప్పు తేమ తగలనిస్తే అక్కడ బ్యాటరీ తయారైనట్టే. గ్రాఫైట్ క్షేమంగా ఉంటుంది, ఉక్కు తినేయబడుతుంది. స్టెయిన్‌లెస్‌లోనూ గుంటలు పడతాయి, అల్యూమినియం అయితే ఇంకా దారుణం. అమెరికా సైన్యం వాడే తుప్పు నిరోధక డ్రై ఫిల్మ్ ప్రమాణం ఒకటుంది, మిల్ పీఆర్ఎఫ్ 46010 అంటారు. అందులో గ్రాఫైట్ ఉండనే కూడదని రాసి ఉంది. డబ్బా మీద ‘మాలీ’ అని పెద్ద అక్షరాలతో ఉన్నా లోపల గ్రాఫైట్ కలిపి ఉండొచ్చు. కొనేముందు టెక్నికల్ డేటా షీటు అడిగి చదవండి. షీటు ఇవ్వనివాడి దగ్గర కొనకండి.

మాలీది ఇందుకు పూర్తిగా తిరగేసిన స్వభావం. శూన్యంలో, పొడి గాలిలో అది అద్భుతంగా పనిచేస్తుంది, ఘర్షణ గుణకం 0.05 కంటే తక్కువకి దిగుతుంది. అంతరిక్ష నౌకల్లో దాన్నే వాడటానికి కారణం అదే. తేమ గాలిలో అదే గుణకం 0.1 నుంచి 0.2 మధ్యకి ఎక్కుతుంది, కోటింగ్ ఆయుష్షూ తగ్గుతుంది. విశాఖలో ఏడాదిలో ఎక్కువ నెలలు గాలిలో తేమ 70 శాతం పైనే ఉంటుంది. కాబట్టి కేటలాగులో మాలీ పక్కన వేసే తక్కువ అంకెలు మన ఊరికి వర్తించవు. అయినా మీ పనికి మాలీనే ఎందుకు అంటున్నానంటే, బరువు. దానికి వింత గుణం ఒకటుంది, బరువు పెరిగేకొద్దీ ఘర్షణ గుణకం తగ్గుతుంది. పైగా రెజిన్‌లో బంధించిన మాలీ పొర చదరపు మిల్లీమీటరుకి వందల న్యూటన్లు మోయగలదు.

టెఫ్లాన్‌కి తేమతో సంబంధమే లేదు, విద్యుత్తు పారనివ్వదు, తుప్పు విషయంలో మూడింటిలోకీ మంచిది. కానీ మెత్తన. బరువు కింద మెల్లగా పక్కకి జరిగిపోతుంది. తలుపు బందులకో, తేలికపాటి వాల్వు కాడలకో ఒట్టి టెఫ్లాన్ కోటింగ్ చాలు. మీ పిన్నుకి కాదు. మీ లెక్క చూద్దాం: 60 ని 80 తో గుణిస్తే 4,800 చదరపు మిల్లీమీటర్లు. 5 టన్నులంటే సుమారు 49,000 న్యూటన్లు. భాగిస్తే చదరపు మిల్లీమీటరుకి 10 న్యూటన్ల పైన. అది సగటు మాత్రమే. పిన్ను కొంచెం వంగినా బుష్ అంచుల దగ్గర ఇంతకు ఎన్నో రెట్లు పడుతుంది, టెఫ్లాన్ నలిగేది అక్కడే. అందుకే మాలీ ప్రధానంగా, టెఫ్లాన్ తోడుగా ఉన్న మిశ్రమం అన్నాను.

ఇక మీ స్ప్రే ఎందుకు ఊడింది? గ్రైండింగ్ చేసి అద్దంలా మెరిసే పిన్ను మీద కొట్టి ఉంటారని నా అనుమానం. డబ్బా స్ప్రేల్లో చాలావరకు గాలికి ఆరే రకం, పట్టు తక్కువ. నున్నటి లోహం మీద రెజిన్‌కి ఆనుకోవడానికి ఏమీ దొరకదు. రెండు మూడు కదలికలకే పొరలా లేచిపోతుంది. తప్పు మాలీది కాదు, కింద ఉన్న నేలది. డ్రై కోటింగ్ ఆయుష్షులో పెద్ద భాగం స్ప్రే గన్ పట్టుకోకముందే తేలిపోతుందని నేను నమ్ముతాను. ఒకే డబ్బాలోని మందు ఒట్టి ఉక్కు మీద, బ్లాస్ట్ చేసిన ఉక్కు మీద, బ్లాస్ట్ చేసి ఫాస్ఫేట్ చేసిన ఉక్కు మీద వేసి చూడండి. ఒక్కో మెట్టుకీ ఆయుష్షు కొట్టొచ్చినట్టు పెరుగుతుంది.

పద్ధతి ఇదీ. పిన్నుని ముందు నూనె, కూలెంట్ జిడ్డు పూర్తిగా పోయేలా కడగాలి. జిడ్డు ఉండగానే బ్లాస్టింగ్ చేస్తే ఆ జిడ్డు గ్రిట్‌లో చేరి తరవాత వచ్చే ప్రతి పిన్నుకీ అంటుకుంటుంది. పాత పిన్ను, రేవు నుంచి తిరిగొచ్చినదైతే మంచినీటితో రుద్ది కడిగాకే మొదలుపెట్టండి. ఉప్పు మరక కంటికి కనపడదు, కోటింగ్ కింద ఉండిపోతే కొన్నాళ్లకి బొబ్బలు లేస్తాయి. బ్లాస్టింగ్‌కి 120 నుంచి 220 మెష్ అల్యూమినియం ఆక్సైడ్ వాడండి. ఇసుక వద్దే వద్దు. సముద్రపు ఇసుకైతే ఉప్పును లోహంలోకి కొట్టి కూర్చోబెడుతుంది. ఏ ఇసుకైనా దాని పొడి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది, అది నయం కాని జబ్బు. పని చేసే కుర్రాళ్ల ప్రాణం విషయం ఇది, ఇందులో పొదుపు చూడకండి.

బ్లాస్టింగ్ అయ్యాక పిన్ను బూడిదరంగులో, మెరుపు లేకుండా, ఒకే తీరుగా ఉండాలి. అప్పటినుంచి ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు, చేతి చెమట చాలు వేలిముద్రల ఆకారంలోనే తుప్పు లేవడానికి. మన ఊరి గాలిలో బ్లాస్ట్ చేసిన ఉక్కుని అలా వదిలేస్తే గంటల్లోనే పసుపు తిరుగుతుంది. పొద్దున బ్లాస్టింగ్ చేసి రేపు ఫాస్ఫేటింగ్‌కి పంపుదాం అనే ఆలోచనే పెట్టుకోవద్దు, రెండూ ఒకే పూటలో అవ్వాలి. ఫాస్ఫేటింగ్ మీ షాపులో లేకపోతే బ్లాస్టింగ్ కూడా ఫాస్ఫేటింగ్ చేసేచోటే చేయించండి. తుప్పు వదిలించడానికి పిన్నులను యాసిడ్‌లో ముంచే అలవాటు కొన్ని చోట్ల ఉంది. ఇ.ఎన్. 24 ని బాగా గట్టిపరిచి ఉంటే అది ప్రమాదం. యాసిడ్‌లో పుట్టే హైడ్రోజన్ ఉక్కులోకి దూరి, బరువు మీద పడ్డాక ఎప్పుడో హఠాత్తుగా విరిచేస్తుంది. గ్రిట్‌తోనే శుభ్రం చెయ్యమనండి.

మాంగనీస్ ఫాస్ఫేట్ స్నానం 90 డిగ్రీల పైన నడుస్తుంది. ఉక్కు మీద సన్నటి పలుకుల పొర పెరుగుతుంది, రెజిన్ ఆ పలుకుల సందుల్లోకి దిగి పట్టుకుంటుంది. కోటింగ్ ఎక్కడైనా అరిగినా ఆ పలుకుల మధ్య మిగిలిన మాలీ కొంతకాలం పని నడిపిస్తుంది. తుప్పు పాకకుండా అడ్డమూ అదే. ఫాస్ఫేట్ ఉక్కుకే. స్టెయిన్‌లెస్‌కి పట్టదు, దానికి బ్లాస్టింగ్, ఆ తరవాత ప్యాసివేషన్ (యాసిడ్‌తో శుభ్రం చేసి రక్షణ పొర ఏర్పడనివ్వడం) చేయాలి. అల్యూమినియానికి అనోడైజింగ్ (కరెంటుతో గట్టి ఆక్సైడ్ పొర పెంచడం). బ్రాంజ్ బుష్‌ని ఏమీ చెయ్యనక్కరలేదు, లోపలి రంధ్రంలో సమానంగా స్ప్రే చెయ్యడం కష్టం, పిన్నుకి వేస్తే చాలు.

స్ప్రే చేసే రోజు వాతావరణం చూసుకోండి. లోహం వేడి, గాలిలోని మంచు బిందు ఉష్ణోగ్రత (తేమ నీరుగా మారడం మొదలయ్యే వేడి) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలని పెయింటింగ్ వాళ్లు పాటించే నియమం ఇక్కడా వర్తిస్తుంది. బయట 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే మంచు బిందువు 26 డిగ్రీలు. అంటే ఏసీ గదిలో పెట్టిన పిన్ను బయటికి తెచ్చిన నిమిషంలోనే దాని మీద కంటికి కనపడని నీటి పొర చేరుతుంది. పిన్నులను ఓవెన్‌లో గోరువెచ్చగా చేసి స్ప్రే చేస్తే ఈ బాధ తప్పుతుంది. కంప్రెసర్ లైనులో నీరు, ఆయిలు పట్టే ఫిల్టరు తప్పనిసరి. వానాకాలంలో ట్యాంకు రోజూ ఖాళీ చెయ్యండి.

మాలీ సాంద్రత దాదాపు 5. రెజిన్ ద్రవంలో అది త్వరగా అడుక్కి దిగిపోతుంది. గన్ కప్పులో పోశాక కూడా మధ్యమధ్యలో కలపకపోతే మొదటి పిన్నుకి మాలీ, చివరి పిన్నుకి ఒట్టి రెజిన్ పడతాయి. ఒకేసారి ముద్దగా కొట్టకుండా పలచగా రెండు మూడు సార్లు, మధ్యలో ఆరనిస్తూ కొట్టండి. ఆరాక మొత్తం 8 నుంచి 15 మైక్రాన్ల మధ్య ఉండాలి. ఎక్కువ వేస్తే ఎక్కువ కాలం వస్తుందనుకోవడం సహజం, కానీ ఈ కోటింగ్‌కి అది చెల్లదు. 25 మైక్రాన్లు దాటిందంటే లోపల సరిగ్గా గట్టిపడదు, బరువు పడగానే పెచ్చులుగా లేస్తుంది. మందం కొలవడానికి మాగ్నెటిక్ గేజ్ వాడేటప్పుడు, ఫాస్ఫేట్ మాత్రమే చేసిన ఒక ముక్క మీద ముందు కొలిచి, ఆ అంకెను తీసేసుకోండి.

లేత్ దగ్గర, గ్రైండింగ్ దగ్గర గుర్తుపెట్టుకోవాల్సింది ఈ మందమే. పిన్నుకి రెండు పక్కలా 12 మైక్రాన్లంటే వ్యాసం 24 మైక్రాన్లు పెరుగుతుంది. మీరు రంధ్రానికి హెచ్7, పిన్నుకి ఎఫ్7 అనే ప్రామాణిక కొలత హద్దులు (ఫిట్) పెడుతున్నారనుకుందాం. 60 మిల్లీమీటర్ల దగ్గర బుష్ రంధ్రం 0 నుంచి +30 మైక్రాన్లు, పిన్ను –30 నుంచి –60. బిగుతు జత దొరికితే సందు 30 మైక్రాన్లే. కోటింగ్ 24 తినేస్తే మిగిలేది 6. అంతలో పిన్ను లోపలికే పోదు, సుత్తితో కొడితే కోటింగంతా బుష్ అంచు గీకేస్తుంది. డ్రాయింగులో ఉన్న కొలత కోటింగ్‌కి ముందుదో తరవాతదో పార్టీని రాతపూర్వకంగా అడగండి. తరవాతదైతే ఆ మేరకు అదనంగా గ్రైండ్ చెయ్యండి. బుష్ నోటి దగ్గర పదునైన అంచు లేకుండా గుండ్రంగా చెయ్యడం మరచిపోవద్దు.

ఓవెన్ సంగతి. సాధారణంగా ఈ రెజిన్లకి 150 డిగ్రీల దగ్గర 2 గంటలో, 200 దగ్గర 1 గంటో ఇస్తారు. మీ డబ్బా షీటు ఏం చెబితే అదే పాటించండి. ఆ లెక్క మొదలయ్యేది ఓవెన్ మీటరు చూపినప్పటినుంచి కాదు, పిన్ను ఆ వేడికి చేరినప్పటినుంచి. 60 మిల్లీమీటర్ల గుండు ఉక్కు అంత వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, థర్మోకపుల్ పిన్నుకే తగిలించండి. ఇంకో మాట, ఇండక్షన్ హార్డెనింగ్ (పై పొరను కరెంటుతో వేడిచేసి గట్టిపరచడం) చేసిన పిన్నుల్ని చాలామంది 150 నుంచి 180 మధ్యే టెంపర్ చేస్తారు, అంటే పెళుసుదనం తగ్గడానికి మళ్లీ వేడిచేస్తారు. వాటిని 200 దగ్గర కాలిస్తే కష్టపడి తెచ్చుకున్న గట్టిదనం తగ్గుతుంది. అలాంటి పిన్నుకి 150 డిగ్రీల రకమే ఎంచుకోండి. చల్లారాక గట్టిగా అంటుకునే టేపు అతికించి లాగి చూడండి, కింద లోహం బయటపడకూడదు. షీటులో చెప్పిన సాల్వెంట్‌తో తడిపిన గుడ్డతో రుద్దండి, పొర మెత్తబడి గుడ్డకి దిగితే సరిగ్గా కాలలేదన్నమాట.

బిగించేటప్పుడు తక్కువ బరువుతో, చేత్తోనో మెల్లగానో కొన్నిసార్లు అటూ ఇటూ తిప్పించండి. మొదట్లో కొంచెం నల్లపొడి రాలుతుంది, అది మామూలే, తుడిచెయ్యండి. ఆ కాసేపట్లోనే మాలీ పొరలు కదలిక దిశలో పడుకుంటాయి, కొంత బుష్ మీదికి కూడా అంటుకుంటుంది. అప్పటినుంచి రుద్దుకునేది మాలీ మీద మాలీ. ఇక్కడ పార్టీ ఫిట్టర్లు అలవాటు కొద్దీ గ్రీజు గన్ పెట్టేస్తారు. పెట్టొద్దని ముందే గట్టిగా చెప్పండి, వీలైతే గ్రీజు నిపుల్ రంధ్రానికి ప్లగ్ వేసి ఇవ్వండి. గ్రీజు మళ్లీ దుమ్మును పిలుస్తుంది, బుష్ మీద అంటుకున్న ఆ పొరను కడిగేస్తుంది.

చేసిన పిన్నుల్ని ఎలా పంపుతారన్నది కూడా పనిలో భాగమే. నాసా గెలీలియో వ్యోమనౌక ఉదంతం అందుకే చెబుతున్నాను. 1989లో బయలుదేరింది. దాని పెద్ద యాంటెనా 18 కడ్డీల మీద మడిచి ఉంది. 1991 ఏప్రిల్‌లో విప్పమని ఆదేశమిస్తే కొన్ని కడ్డీలు ఇరుక్కుపోయి పూర్తిగా తెరుచుకోలేదు. ఆ పిన్నుల మీది డ్రై కోటింగ్, నౌకను కాలిఫోర్నియాకీ ఫ్లోరిడాకీ మధ్య లారీల్లో తిప్పినప్పుడు కుదుపులకే అరిగిపోయి ఉంటుందని విచారణలో అభిప్రాయపడ్డారు. గురుగ్రహం దాకా పోయిన యంత్రం చిన్న యాంటెనాతోనే సమాచారం పంపాల్సి వచ్చింది. మీ పిన్నులు గాజువాక నుంచి రేవు దాకా ఆటో ట్రాలీలో ఒకదానికొకటి తగులుతూ పోకూడదు. ఒక్కోదాన్నీ విడిగా చుట్టి, కదలకుండా చెక్కపెట్టెలో పెట్టండి. గోడౌనులో నెలల తరబడి ఉంచేదుంటే ప్లాస్టిక్ సంచీలో సిలికా జెల్‌తో సీలు చెయ్యండి.

బోల్టులకూ కొట్టొచ్చా అన్నారు. కొట్టొచ్చు, ముఖ్యంగా స్టెయిన్‌లెస్ బోల్టు మీద స్టెయిన్‌లెస్ నట్టు బిగిస్తే మధ్యలోనే పట్టేసి కోసి తియ్యాల్సివచ్చే బాధ దీనితో పోతుంది. కానీ టార్క్ మార్చకుండా కొట్టారంటే బోల్టు తెగే ప్రమాదం ఉంది. 8.8 గ్రేడు ఎమ్20 బోల్టు తీసుకోండి. దాని ప్రూఫ్ లోడ్ (శాశ్వతంగా సాగకుండా తట్టుకునే లాగుడు) 147 కిలోన్యూటన్లు, అందులో మూడొంతులు, అంటే 110, బిగింపు కావాలనుకుందాం. మామూలు బోల్టుకి నట్ ఫ్యాక్టర్ (ఘర్షణను బట్టి టార్క్ లెక్కలో వాడే అంకె) 0.2 అనుకుంటే టార్క్ 440 న్యూటన్ మీటర్లు. కోటింగ్‌తో ఆ ఫ్యాక్టర్ 0.12 కి పడిపోతే కావలసింది 264 మాత్రమే. ఫిట్టరు పాత చార్టు చూసి 440 దాకా తిప్పాడా, బోల్టులో లాగుడు 183 కిలోన్యూటన్లకి పోతుంది. అది 162 దగ్గరే సాగిపోతుంది. బిగించినప్పుడు తెలియదు, యంత్రం నడిచాక తెలుస్తుంది. కోటింగ్ తయారీదారు ఇచ్చే ఫ్యాక్టరుతో కొత్త టార్క్ లెక్కగట్టి, డెలివరీ చలానా మీదే రాసి పంపండి.

వేడి చోట్లకి ఇది పనికిరాదు. మాలీ గాలిలో సుమారు 350, 400 డిగ్రీల దగ్గర ఆక్సైడ్‌గా మారడం మొదలుపెడుతుంది, రెజిన్ అంతకంటే ముందే కాలిపోతుంది. టెఫ్లాన్‌కి హద్దు 260. ఆవిరి లైన్ల ఫ్లాంజి బోల్టులకి మాలీ వద్దు. వేడి ఆవిరితో కలిసి హైడ్రోజన్ సల్ఫైడ్ పుడితే బిగింపులో ఉన్న గట్టి బోల్టు పగుళ్లిస్తుంది. అక్కడ నికెల్ యాంటీసీజ్ (బోల్టు పట్టేయకుండా పూసే పేస్టు) లాంటివి వేరే ఉన్నాయి.

టెఫ్లాన్ కలిసిన కోటింగ్ ఉన్న పిన్నుకి వెల్డింగ్ చెయ్యొద్దు, గ్యాస్‌తో కొయ్యొద్దు. బాగా కాలిన టెఫ్లాన్ పొగ పీలిస్తే కొన్ని గంటల తరవాత చలి, జ్వరం, ఛాతీ పట్టేసినట్టు అవుతుంది. ఆ పొడి అంటిన చేతులతో బీడీ వెలిగించినా ఇదే జరుగుతుంది, నిప్పు మొన దగ్గర వేడి అందుకు చాలు. కుర్రాళ్లకి చెప్పండి, చేతులు కడుక్కున్నాకే బీడీ అని. స్ప్రే దగ్గర సాల్వెంట్‌కి తగిన కార్ట్రిడ్జ్ మాస్కు పెట్టించండి, గుడ్డ మాస్కు సాల్వెంట్ ఆవిరిని ఆపదు.

పార్టీకి ఆయుష్షు హామీ ఇవ్వకండి, తనిఖీ పద్ధతి ఇవ్వండి. ఆయిలు లాగా డ్రై కోటింగ్ తనను తాను భర్తీ చేసుకోదు. అరుగుతూ అరుగుతూ ఉండి, అయిపోయిన రోజున ఒక్కసారిగా అయిపోతుంది. షట్‌డౌన్ వచ్చినప్పుడల్లా ఒక పిన్ను తీసి చూడమనండి. నల్లబూడిద రంగు నునుపు తేలి మెరుస్తుంటే బాగున్నట్టే. వెండిరంగు మచ్చ కనపడితే లోహం తేలినట్టు, ఆ పిన్ను మళ్లీ రావాలి. పాత పొర మీద కొత్తది కొట్టొద్దు, మొత్తం బ్లాస్ట్ చేసి మొదటినుంచి రండి.

సీలు పెట్టడానికి చోటే లేదని పార్టీ అంటే, ఇంకో దారి అడగండి. ఘన లూబ్రికెంట్ బిళ్లలు పొదిగిన గట్టి బ్రాంజ్ బుష్‌లు దొరుకుతాయి. బుష్ అరిగేకొద్దీ బిళ్లా అరుగుతూ పొరను నింపుతూ ఉంటుంది, 12 మైక్రాన్లతో అయిపోదు. మామూలుగా ఆ బిళ్లలు గ్రాఫైట్‌వి. ఉప్పునీటి చోటుకి టెఫ్లాన్ ఆధారంగా చేసినవి వేరే ఉంటాయి, ఆర్డరులో అవే అని రాయండి. ఖరీదు ఎక్కువే, దుమ్ము గీతలు వాటినీ వదలవు, కానీ సీలు లేని చోట కోటింగ్ పిన్ను కంటే మేలు. ఆ బుష్ వేస్తే పిన్నుకి హార్డ్ క్రోమ్ చేయించి నున్నగా గ్రైండ్ చేసి ఇవ్వండి, దానికి మాలీ అవసరం లేదు.

మొదట రెండే పిన్నులు చెయ్యండి. ఒకదాన్ని యంత్రంలో బిగించండి, రెండోదాన్ని మీ షాపు బయట, సముద్రపు గాలి తగిలేచోట, వానకి ఎండకి వదిలెయ్యండి. దాని మీద బ్లేడుతో లోహం దాకా ఒక గీత గీసి పెట్టండి. తుప్పు గీతలోనే ఆగిందా, గీత పక్కన కోటింగ్ కిందకి పాకిందా చూస్తే మీ ఫాస్ఫేటింగ్ ఎలా కుదిరిందో తెలిసిపోతుంది. పాకిందంటే మిగతా పిన్నులు మొదలుపెట్టకుండా ఆగి, ఫోటోలు పెట్టండి, చూసి చెబుతాను.